ఈక మొదట్లోని నూగు

దరియాలతిప్పలో గోదావరి గట్టున దొరికిన ఈక బొటనవేలంత ఉంది. అంచు తెలుపు, నడుమ బూడిదరంగు, మొదట్లో మెత్తటి నూగు. రెక్క ఈకైతే పొడవూ వంపూ చూసి పోల్చుకోవచ్చు. ఒంటి మీది ఈకతో అంత తేలిక కాదు. హిమాలయాలు దాటి చలికాలానికి మన దేశం వచ్చే పట్టెతల పెద్దబాతుదే కావాలని మనసు ఎంత ఆశపడుతుందో! కానీ ఊళ్లో పెంచుకునే పెద్దబాతులకీ బూడిదరంగు ఈకలుంటాయి.

అసలు సాక్ష్యం ఆ నూగులో ఉంది. మైక్రోస్కోపు కింద పెడితే బాతుల కుటుంబం నూగుపోగుల కొసల్లో త్రికోణపు కణుపులు కనిపిస్తాయి. ఈక ముక్కల నుంచి పిట్టను గుర్తించడం కొత్తేమీ కాదు: 1960లో బోస్టన్‌లో కూలిన విమానంలో దొరికిన ఈక ముక్కలు స్టార్లింగ్ పిట్టలవని అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఈకల నిపుణురాలు రాక్సీ లేబోర్న్ తేల్చారు. అయితే కణుపులొక్కటే కుటుంబం వరకే చెబుతాయి. ఏ బాతో తేలాలంటే మ్యూజియం ఈకల పక్కన పెట్టి రంగూ అంచూ పోల్చాల్సిందే. దొరికిన చోటు, నెల రాసిపెట్టకపోతే ఆ పని సగంలోనే ఆగిపోతుంది.