రెండు చక్రాల మీద సంసారం

సైకిలు మీద సింహళం తిరిగి రావాలని బుద్ధి పుట్టినప్పుడు నాకు దారిని గురించి బెంగ కలగలేదు. సామానును గురించి కలిగింది. కొలంబో దాకా విమానం, అక్కణ్ణించి కాండీ మీదుగా సుమారు 1,870 మీటర్ల ఎత్తున ఉన్న నువర ఎలియాకు ఎక్కడం, పన్నెండు రోజుల్లో తిరిగి రావడం - ఇదీ కార్యక్రమం. తీరా విజయనగరంలో మా వీధి చివర కొట్లో సంచులు కాటా వేస్తే 23 కిలోలు తూగాయి. నా సైకిలే 14 కిలోలు!

అందులో నా వాటా తక్కువేనని మనవి. ఆవకాయ సీసా, సున్నుండల డబ్బా అమ్మవి. "కొండ మీద చలిట" అంటూ కంబళి ఇచ్చింది నాన్నగారు. నాలుగు జతల బట్టలు, రెండు జతల బూట్లు, మూడు పుస్తకాలు, పనిముట్ల పెట్టె, మందుల పెట్టె మాత్రం నావి. ఇక ఇస్త్రీ పెట్టె ఒక్కటే తక్కువైందని చెల్లెలు వేళాకోళం చేసింది.

నిజానికి ఈ విద్యలో పెద్దలు మనకు దారి చూపించే ఉన్నారు. 1884 ఏప్రిల్‌లో థామస్ స్టీవెన్స్ శాన్ ఫ్రాన్సిస్కో నుంచి, ముందు చక్రం పెద్దదిగా ఉండే ఆ కాలపు సైకిలెక్కి ప్రపంచయాత్రకు బయలుదేరాడు. మేజోళ్ళు, ఒక మారు చొక్కా, గుడారంగానూ పక్కగానూ పనికివచ్చే వానకోటు, ఒక పిస్తోలు - ఇంతే ఆయన సంసారం. 1963లో ఐర్లండు నుంచి ఢిల్లీ దాకా ఒంటరిగా తొక్కుకు వచ్చిన డెర్వ్లా మర్ఫీ, మారు టైర్లను మోయకుండా, దారిలోని ఊళ్ళకు ముందుగానే పంపుకుంది. మన ఏనుగుల వీరాస్వామయ్యగారు మాత్రం 1830లో చెన్నపట్నం నుంచి పల్లకీతో, పరివారంతో కాశీకి వెళ్ళి, మరుసటేడు శ్రీకాకుళం దారినే తిరిగి వచ్చారు. బోయీలు ఉన్నవారికి బరువు లెక్కేమిటి? నా బోయీలు నా మోకాళ్ళే గదా!

అంచేత ముందు ఒక పరీక్ష పెట్టుకున్నాను. విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా, రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, మొత్తం సామానుతో తొక్కాలి. సింహళంలో ఏడవవలసినదేదో ఇక్కడే ఏడవడం మేలు.

ఆ ముచ్చట మొదటి రోజే తీరింది. రణస్థలం దాటాక వెనక చక్రంలో 'టప్' మన్నది. స్పోకు విరిగింది. చక్రం వంకరలు పోతూ బ్రేకుకు రాసుకుంటూంటే, నడిపించుకుంటూ ఎచ్చెర్ల దగ్గర టీ కొట్టు ముందు ఆగాను. బెంచీ మీది ముసలాయన సంచుల కేసి చూసి, "ఏటి బాబూ, ఇల్లు కాళీ సేసి ఎలిపోతన్నావేటి?" అన్నాడు. శ్రీకాకుళంలో చక్రం బాగుచేసిన మేస్త్రీ పాఠం చెప్పాడు: మనిషి బరువులో ఎక్కువ పాలు ఎలాగూ వెనక చక్రం మీదే పడుతుంది; సామానంతా కూడా అక్కడే కడితే పుల్లలు విరగక ఏం చేస్తాయి? కొంత ముందు చక్రానికి అటూ ఇటూ, ఎంత కిందికి కడితే అంత మంచిది.

ఆ రాత్రి లాడ్జీలో సంచులు బోర్లించాను. ఆ రోజు వాడినవి ఒక కుప్ప, వాడనివి ఒక కుప్ప. వాడనివన్నీ మర్నాడు ఆర్టీసీ పార్సిలులో విజయనగరం పంపేశాను. కంబళి, పుస్తకాలు, రెండో జత బూట్లు, వానకోటు, మందుల పెట్టె - అన్నీ పోయాయి. తువ్వాలు మాత్రం ఉంచుకున్నాను. వాలుగ చేప దవడ పళ్ళతో పత్తి దువ్వి, సన్నగా వడికే పొందూరు ఖద్దరది. రాత్రి పిండి ఆరేస్తే తెల్లారేసరికి ఆరిపోతుంది. తుడుచుకోవడానికీ, కట్టుకోవడానికీ, ఎండలో తలకు చుట్టుకోవడానికీ అదే.

సైకిలు పక్షిలా తేలిపోయింది. నాగావళి వెనకబడింది, వంశధార దాటాను, నరసన్నపేట దాటాను, మధ్యాహ్నానికి టెక్కలి చేరాను. అక్కడ మా తాతయ్య చెల్లెలు ఉంది. ఎనభై తొమ్మిదేళ్ళ మనిషి. భీమిలి నుంచీ, కళింగపట్నం నుంచీ మనవాళ్ళు పొట్ట చేతబట్టుకుని రంగూను ఓడలెక్కిన రోజుల్లో ఆమె తండ్రీ వెళ్ళి, అక్కడ బియ్యపు మిల్లులో పనిచేసేవాడు. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాక, లక్షలాది భారతీయులతోపాటు ఆ కుటుంబమూ కాలినడకన బయలుదేరింది.

నేను గర్వంగా నా చిన్న సంచి చూపించి, "చూడు మామ్మా, ఎంత తేలికో!" అన్నాను.

ఆవిడ ఒక చేత్తో ఎత్తి చూసింది. "మేమూ దింపుకుంటూనే వచ్చినాం నాన్నా. ముందు ట్రంకుపెట్టె వదిలేసినాం. తరవాత ఇత్తడి బిందె. ఆకరికి సత్తు గిన్నె ఒకటీ, ఉప్పు మూటా మిగిలినాయి" అని, కాసేపాగి, "మందులు ఎట్టుకున్నావా?" అంది.

నేను మాట్లాడలేదు.

"మా తమ్ముడు తోవలో వాంతులూ, విరోచనాలూ అయి పోనాడు. మూడేళ్ళోడు. మాకాడ మందు లేదు" అంది. అంతే. లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చింది.

ఆ మజ్జిగ తాగుతూ నా లెక్కలో తప్పెక్కడుందో తెలుసుకున్నాను. వాడినవి, వాడనివి అని రెండు కుప్పలు చాలవు. అవసరం పడిన నాడు లేకపోతే ప్రాణానికి ముప్పు తెచ్చేవి మూడో కుప్ప. రెండో చొక్కా లేకపోతే చెమట వాసన కొడతాం, అంతే. లీటరు నీళ్ళలో కలుపుకునే ఓఆర్‌ఎస్ పొట్లం బరువు ఇరవై గ్రాములు. విదేశపు కొండదారిలో జబ్బుపడిన నాడు దాని ఖరీదు వేరు.

మర్నాడు పలాసలో ఆరు పొట్లాలు, జ్వరం మాత్రలు, గాయాల కట్టు కొన్నాను. జీడిపప్పు కొనకుండా పలాస దాటినవాణ్ణి నేనొక్కణ్ణే కాబోలు! మూడో రోజు సాయంత్రానికి బాహుదా ఒడ్డున ఇచ్ఛాపురంలో దిగాను. స్పోకు మళ్ళీ విరగలేదు.

ఇంటికి వచ్చి మళ్ళీ సర్దాను. ఒంటి మీద ఒక జత, సంచిలో ఒక జత, తువ్వాలు, వానకోటు, చలికి ఒక స్వెట్టరు, రెండు ట్యూబులు, పంక్చరు సామాను, పంపు, నాలుగు స్పోకులు, మందులు. పాస్‌పోర్టూ, దాని నకలూ వేర్వేరు చోట్ల. ఫోను బ్యాటరీ మాత్రం విమానంలో చేతిసంచిలోనే ఉండాలి. పనిముట్లు సైకిలుతోపాటు అట్టపెట్టెలోకి.

మళ్ళీ కాటా వేయిస్తే తొమ్మిది కిలోలు. కొట్టాయన కూడా సంతోషించాడు. ఇంటికి తెచ్చి సంచి గోడకు ఆనించి అన్నానికి కూర్చున్నాను. లేచి చూసేసరికి పది కిలోలకు దగ్గరగా ఉంది. విప్పి చూస్తే అడుగున సున్నుండల పొట్లం.

ఇది ఏ కుప్పలోకి వస్తుందా అని ఆలోచించి, తిరిగి మూతి కట్టేశాను. ఎల్లుండి ప్రయాణం.