ఇద్దరిద్దరుగా కొండ మీదికి



సంక్రాంతి దాటాక, వరి నూర్పులు పూర్తయి చేతులు కాస్త ఖాళీ అయ్యే రోజుల్లో, ఒక శుక్రవారం, శనివారం చూసుకుని పన్నెండు జంటలం కలిసి లంబసింగి కొండకు, తాజంగి జలాశయానికి వెళ్ళాలని సంఘ పెద్దలతో కలిసి నిర్ణయించాం. శనివారం చీకటి పడకముందే కొండ దిగుతాం. ఆదివారం ఆరాధనకు మన మందిరంలోనే ఉంటాం.

ప్రకటన చేసిన రోజు నుంచి మమ్మల్ని అడుగుతూనే ఉన్నారు. సువార్త సభలా అయ్యగారూ? కాదు. ఉపవాస కూడికలా? కాదు. పిల్లల్ని తీసుకురావచ్చా? ఈ ఒక్కసారికి వద్దు. మరి దేనికి? ఆ చివరి ప్రశ్నకు నిలబడి రెండు మాటల్లో చెప్పలేకపోయాం. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

మన ఊళ్ళో భార్యాభర్తలు కలిసి ఎక్కడికి వెళ్తారో ఒకసారి లెక్కపెట్టి చూడండి. పెళ్ళికి వెళ్తారు, చావుకి వెళ్తారు. బ్యాంకులో సంతకం పెట్టాలంటే వెళ్తారు. మందిరానికి కలిసే వస్తారు గానీ, లోపలికి వచ్చాక ఆయన ఒక వైపు, ఆమె ఒక వైపు. పొలంలో ఇద్దరూ ఒకే గట్టు మీద నడిచినా మధ్యలో పని నడుస్తూ ఉంటుంది. ఇంటికొస్తే పిల్లలు, పెద్దవాళ్ళు, పశువులు, టీవీ. ఇరవై ఏళ్ళు ఒకే కప్పు కింద ఉండి, ఒక గంట సేపు ఒకరి పక్కన ఒకరు ఖాళీగా కూర్చోని వాళ్ళు మనలో ఎంతమందో.

ఈ సంగతి చెప్పినప్పుడు సంఘంలోని ఒక పెద్దమ్మ, భర్తను పోగొట్టుకున్న తల్లి, వెంటనే అన్నమాట మాకు రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. "మేమిద్దరం ఊరు దాటి కలిసి వెళ్ళింది ఆస్పత్రికే అయ్యగారూ. వీళ్ళనైనా ఇంకెక్కడికైనా వెళ్ళనివ్వండి. పిల్లల్ని మేం చూసుకుంటాం" అంది. ఆమె, ఆమెలాంటి మరి ముగ్గురు తల్లులు ఆ రెండు రోజులూ మందిరం వరండాలో పిల్లలకు అన్నం వండిపెట్టి, రాత్రి దగ్గర పడుకోబెట్టుకుంటామని ముందుకొచ్చారు. అందుకే ఇది షికారు అని ఎవరైనా చిన్నచూపు చూస్తే మేం ఒప్పుకోం. ఆ తల్లులు ఇస్తున్న కానుక ఇది. దాన్ని తేలికగా తీసుకోకూడదు.

వాక్యంలో దీనికి చోటుందా అని అడిగిన వారికి మార్కు సువార్త ఆరో అధ్యాయం చూపిస్తాం. ప్రభువు పన్నెండుమందిని ఇద్దరిద్దరుగా పంపించాడు. వాళ్ళు తిరిగి వచ్చేసరికి వచ్చేవాళ్ళు పోయేవాళ్ళతో భోజనానికి కూడా తీరిక లేదు. అప్పుడు ఆయన ఇంకొక పని చెప్పలేదు. వాళ్ళను పడవ ఎక్కించి జనం లేని చోటికి తీసుకెళ్ళాడు. వాళ్ళు వెళ్ళేసరికి జనం ముందే అక్కడికి చేరుకున్నారన్నదీ అక్కడే రాసి ఉంది. కాబట్టి కొండ మీద కూడా ఫోను మోగవచ్చు, ఇంటి నుంచి కబురు రావచ్చు. అంతమాత్రాన వెళ్ళడం వృథా అనుకోవద్దు.

ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో ఇంకొక కట్టడ ఉంది. కొత్తగా పెళ్ళయిన మనిషిని ఏడాదిపాటు యుద్ధానికి పంపకూడదు, ఏ బాధ్యతా మోపకూడదు. అతడు ఇంటి దగ్గర ఉండి భార్యను సంతోషపెట్టాలి. భార్య సంతోషం ధర్మశాస్త్రంలో రాయదగినంత పెద్ద సంగతి అన్నమాట. మనం దాన్ని పెళ్ళిలో ఒక పూట చదివి మూసేస్తున్నాం.

ఇక ప్రయాణం సంగతి.

నర్సీపట్నం దాటాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది. అక్కడి నుంచి లంబసింగికి సుమారు 30 కిలోమీటర్లు. ఊరు సముద్రమట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే గాలి ఆరు డిగ్రీల వరకు చల్లబడుతుంది. దానికి తోడు రాత్రిపూట చలిగాలి బరువెక్కి, వాలు మీద నుంచి జారి లోయలో చేరుతుంది. అందుకే అక్కడ తెల్లవారుజామున వణుకు పుడుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో సున్నా దాకా దిగిన రోజులున్నాయి. పండగ సెలవుల రద్దీ తగ్గి, చలి కొంచెం సర్దుకున్నాక వెళ్దామన్నది అందుకే.

స్వెట్టరు, మంకీ క్యాప్, రెండు దుప్పట్లు, దోమతెర, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. ఏజెన్సీలో మలేరియా ఉంది, మరచిపోవద్దు. బీపీ, షుగరు మాత్రలు మూడు రోజులకు సరిపడా చేతిసంచిలో పెట్టుకోండి. ఒక మాట గట్టిగా చెబుతున్నాం. చలి తట్టుకోలేక ఎవరూ బొగ్గుల కుంపటి డేరాలోకి గానీ తలుపులు మూసిన గదిలోకి గానీ తీసుకెళ్ళొద్దు. బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మంట బయటే, అందరూ కలిసి కూర్చునే చోటే.

డేరా అనగానే కొందరు నవ్వారు. నవ్వొద్దు. అకుల, ప్రిస్కిల్ల అనే భార్యాభర్తలు డేరాలు కుట్టి బతికారు. కొత్త నిబంధనలో వాళ్ళ ప్రస్తావన ఆరుసార్లు వస్తుంది. ఆరుసార్లూ ఇద్దరి పేర్లూ కలిసే వస్తాయి. ఒకరిని విడిచి ఒకరి పేరు ఎక్కడా లేదు. పని చేసినా, ఊరు మారినా, అపొల్లోకు వాక్యం వివరించినా ఇద్దరూ కలిసే. మన డేరాలు అద్దెవి గానీ, నేర్చుకోవలసింది మాత్రం వాళ్ళ దగ్గరే ఉంది.

శుక్రవారం సాయంత్రం భోజనం అక్కడి గిరిజన కుటుంబాల దగ్గర కొనుక్కుంటాం. బొంగులో వండిన కోడికూర ఆ కొండల వంట. మనం వాళ్ళ నేల మీద అతిథులం. మైకు తీసుకెళ్ళం, పెద్ద గొంతుతో పాటలు పెట్టం, ప్లాస్టిక్ గ్లాసు ఒక్కటి కూడా అక్కడ పడేయం. కాఫీ గింజలు, మిరియాలు కొనేటప్పుడు గీచి గీచి బేరమాడవద్దు. మన ధాన్యానికి ధర తగ్గించి అడిగినప్పుడు మనకెలా ఉంటుందో మనకు తెలుసు.

శనివారం ఉదయం వంట మగవాళ్ళది. ఈ మాటకు సంఘంలో పెద్ద గొడవే జరిగింది. "అయ్యగారూ, మాకు స్టవ్ వెలిగించడం రాదు" అన్నారు కొందరు. "వీళ్ళు వండింది మేం తినాలా?" అన్నారు కొందరు ఆడవాళ్ళు. మేం మాత్రం వెనక్కి తగ్గలేదు. సంఘంలో ఏ కూడిక పెట్టినా, ఎక్కడికి వెళ్ళినా తెల్లవారక ముందే లేచి ఉల్లిపాయలు తరిగేది ఎవరో మనకు తెలుసు. కొండ మీద కూడా ఆమే లేచి పొయ్యి దగ్గర కూర్చుంటే, మనం వంటగదిని బస్సులో ఎక్కించుకుని తీసుకెళ్ళినట్టే. యోహాను సువార్త చివరి అధ్యాయంలో తిరిగి లేచిన ప్రభువు సరస్సు ఒడ్డున నిప్పులు చేసి, చేపలూ రొట్టే సిద్ధం చేసి, రాత్రంతా కష్టపడి వచ్చిన వాళ్ళను తినమని పిలిచాడు. మరణాన్ని జయించిన చేతులు చేసిన పని అది. ఉప్మా చేయడానికి మన చేతులకు చిన్నతనం ఏముంది? ఉప్మా, ఉడికించిన గుడ్లు, టీ. ఉప్పు ఎక్కువైనా ఎవరూ మాట అనకూడదన్నది మా రెండో షరతు.

అంతకుముందే, చీకటి ఉండగా లేచి చెరువులవేనం కొండ ఎక్కుతాం. మబ్బు లోయలో కిందికి పరుచుకుని ఉంటుంది, మనం దాని పైన నిలబడతాం. ఎక్కేటప్పుడు ఒక్కో జంటకు మధ్య ఇరవై అడుగుల దూరం. ముందు వెళ్ళే జంట మాటలు వెనక జంటకు వినపడకూడదు. ఆమె ఎంత వేగంగా నడిస్తే ఆయనా అంతే వేగంగా నడవాలి. దారిలో మూడు సంగతులు మాట్లాడకూడదు: పిల్లల చదువులు, అప్పులు, అత్తవారి మాటలు.

"అవి తీసేస్తే మాకు మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుందండీ?" అని ఒక తమ్ముడు నవ్వుతూ అడిగాడు. అడిగాక అతని నవ్వు ఆగిపోయింది. మేం కూడా ఏమీ అనలేదు. ఆ ప్రశ్న అతనొక్కడిదే కాదు. ఏమీ మిగలకపోతే ఊరికే నడవండి. చేతికర్ర ఒకరికొకరు అందించుకోండి. రాయి దగ్గర చెయ్యి పట్టుకోండి. పొగమంచు మనం అరిస్తే పోదు. పొద్దెక్కే కొద్దీ వెచ్చబడి, దానికదే విడిపోతుంది. ఎన్నో ఏళ్ళ మౌనం ఒక్క ఉదయంలో కరగాలని మేమూ ఆశపెట్టుకోవడం లేదు. కరగడానికి ఒక ఉదయం ఇవ్వాలనుకుంటున్నాం.

తర్వాత ఆరేడు కిలోమీటర్ల దూరంలోని తాజంగి జలాశయం. బోటు నడిచే రోజైతే ఎక్కుతాం, లేకపోతే గట్టు మీద కూర్చుంటాం. ఎక్కిన ప్రతి ఒక్కరూ లైఫ్ జాకెట్ తాళ్ళు కట్టుకోవలసిందే. "పేతురు నీళ్ళ మీద నడిచాడు కదండీ" అన్నాడొక యువకుడు. ఆయన మునిగిపోబోయాడని కూడా అక్కడే రాసి ఉంది బాబూ. పేతురుకు ఈత వచ్చు, నీకు రాదు. గలిలయ సరస్సు సముద్రమట్టానికి 200 మీటర్లకు పైగా కింద ఉంటుంది, చుట్టూ ఎత్తయిన నేల. పై నుంచి గాలి దిగితే అలలు ఒక్కసారిగా లేస్తాయి. అలవాటైన జాలరులే భయపడ్డారు. దేవాలయ శిఖరం నుంచి దూకమని శోధకుడు అన్నప్పుడు ప్రభువు దూకలేదు. జాగ్రత్త పడడం అవిశ్వాసం కాదు.

ఇప్పుడు కొంచెం బరువైన మాట. ఈ ప్రయాణం అన్ని ఇళ్ళకూ మందు కాదు. మాటలు తగ్గిన ఇంటికి ఇది మేలు చేయవచ్చు. కొట్టే చేతికి మాత్రం కొండ మందు కాదు. దెబ్బలు తింటున్న చెల్లెమ్మ ఎవరైనా ఇది చదువుతుంటే, ఓపిక పట్టి భర్తతో కొండకు రమ్మని మేం నీకు చెప్పడం లేదు. ఏ వేళలోనైనా మా ఇంటికి రా. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోను చేయడం పాపం కాదు, సంఘానికి అవమానమూ కాదు. నీ పేరు మా నోటి నుంచి బయటికి రాదు.

డబ్బు విషయం. కూలికి వెళ్ళే జంటకు రెండు రోజులు వెళ్ళడమంటే రెండు రోజుల కూలి ఇద్దరికీ పోవడం. ఖర్చు పంచుకుందాం అంటే పైకి తలూపి, ఆ రోజుకు జ్వరం వచ్చిందని ఆగిపోయేది వాళ్ళే. అందుకని తలకింత అని చెప్పడం లేదు. సంక్రాంతి వరకు ప్రతి ఆదివారం మందిరం తలుపు దగ్గర ఒక పెట్టె ఉంటుంది. మూసిన కవరు వేయండి. కవరు మీద పేరు రాయవద్దు. పది రూపాయలైనా, రెండు వేలైనా కవరు ఒకేలా ఉంటుంది. లెక్క చూసే పెద్దలు మొత్తం మాత్రమే చెబుతారు. హైదరాబాదులో, గల్ఫులో ఉన్న మన పిల్లలు మీ అమ్మానాన్నలను పంపాలనుకుంటే వాళ్ళకు నచ్చజెప్పండి. "ఈ వయసులో మాకెందుకురా" అంటారు. ముప్పై ఏళ్ళు కలిసి బతికినవాళ్ళకే ఇది ముందు కావాలి. మొదటి పన్నెండు జంటల్లో నాలుగు చోట్లు యాభై దాటినవాళ్ళకు అట్టేపెట్టాం.

పశువులు ఎవరు చూస్తారు, మంచంలో ఉన్న తండ్రికి మందులు ఎవరు ఇస్తారు అన్న బెంగ ఉంటే చెప్పండి. యవ్వనస్థుల కూడికలో తొమ్మిదిమంది పిల్లలు పాలు పితకడానికీ, పెద్దవాళ్ళ దగ్గర పడుకోవడానికీ పేర్లు ఇచ్చారు. ఈసారి రాలేనివాళ్ళు బాధపడవద్దు. ప్రభువు చిత్తమైతే వచ్చే ఏడాది మరో పన్నెండు జంటలు వెళ్తాయి. ఇంకా ముందుగా, ఈ సాయంత్రమే, పిల్లలు పడుకున్నాక ఇద్దరూ వాకిట్లో ఒక మంచం మీద కూర్చోండి. టీవీ ఆపి, ఆయనే టీ పెట్టి తీసుకురావాలి.

ప్రార్థన చేసుకుందాం. తండ్రీ, మా సంఘంలోని ప్రతి జంటను నీ చేతిలో పెడుతున్నాం. ఎక్కేటప్పుడు అలసినవారికి తోడు ఇవ్వు. మాటలు మరచిపోయినవారికి మాట ఇవ్వు. తోడును పోగొట్టుకుని కూడా ఇతరుల పిల్లలను ఒడిలో పెట్టుకుంటున్న ఆ తల్లులను ఆదరించు. క్షేమంగా తీసుకెళ్ళి, క్షేమంగా ఇంటికి చేర్చు. యేసు నామంలో వేడుకుంటున్నాం తండ్రీ. ఆమేన్.