పొదకూ పొదకూ మధ్య

కలివికోడి గురించి చదవడం మొదలుపెట్టింది పిట్ట మీద మోజుతోనే. చదివేకొద్దీ పిట్ట పక్కకు జరిగి, పొదలు ముందుకొచ్చాయి. ఇప్పుడు కడప నుంచి సిద్ధవటం మీదుగా బద్వేలు వెళ్లే దారిలో బస్సు కిటికీ పక్కన కూర్చుంటే నా కళ్లు ఆకాశంకేసి పోవు. రేగు పొదకూ దాని పక్కనున్న కలివి పొదకూ మధ్య ఎంత ఖాళీ ఉందో చూస్తాయి.

కలివికోడి కథ చాలామందికి తెలిసిందే. 1848 ప్రాంతంలో జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు దీన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు. 1900లో అనంతపురం వైపు ఒకసారి కనబడ్డాక ఇక లేదు. పుస్తకాలు అంతరించిందనే అనుకున్నాయి. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వచ్చిన భరత్ భూషణ్ లంకమల కొండల కింద, రెడ్డిపల్లి దగ్గర దాన్ని మళ్లీ లోకానికి చూపించాడు. ఊరూరా బొమ్మలు చూపించి అడిగితే, రాత్రిపూట దీపం వెలుగులో పిట్టలు పట్టే స్థానికులు 'ఇది మాకు తెలుసు' అన్నారు. ఎనభై ఆరేళ్లుగా శాస్త్రానికి దొరకనిది వాళ్లకు దొరికింది. ఎందుకంటే వాళ్లు చీకట్లో, పొదల్లో వెతికారు. పిట్ట ఉండేది అక్కడే.

నాకు అసలు పాఠం ఆ తర్వాతి ఏళ్లలో జరిగిన పని నుంచి దక్కింది. కనబడని జీవిని లెక్కపెట్టడం ఎలా? నల్లమలలో పులిని లెక్కపెట్టాలంటే చెట్టుకు కెమెరా కడతారు. ఏ పులి చారలు ఆ పులివే కాబట్టి ఫొటోలు పోల్చి ఇది ఫలానాదని తేల్చొచ్చు. కలివికోడికి అలాంటి గుర్తుల్లేవు. రొమ్ము మీద రెండు పట్టీలు అన్నిటికీ ఉంటాయి. పైగా అది రాత్రి తిరిగే పిట్ట; పగలు పొద నీడలో కదలకుండా కూర్చుంటే పక్కనుంచి నడిచిపోయినా తెలియదు.

అందుకని దీనిమీద పరిశోధన చేసిన జగన్నాథన్, ఆయన సహచరులు నేలనే పుస్తకం చేసుకున్నారు. పొదల మధ్య సన్నటి మట్టి జల్లి పట్టీలుగా చదును చేసేవారు. తెల్లవారి వచ్చి వాటిమీద పడిన అడుగులు చదివేవారు. కౌజుకు వెనకవేలు ఉంటుంది, కలివికోడికి ఉండదు, మూడూ ముందువేళ్లే. అయితే వెనకవేలు లేని పిట్టలు ఇంకా ఉన్నాయి కాబట్టి అడుగు పొడవూ వెడల్పూ కొలవాలి. కొన్ని పట్టీల దగ్గర కెమెరాలూ పెట్టారు. దాని కూత రికార్డు చేయగలిగాక మరో దారి దొరికింది: పొద్దుగూకిన ముప్పావుగంటకు కూత వినిపించి, చీకట్లోంచి జవాబు వస్తుందేమోనని చెవులు రిక్కించడం. ఆ కూత సాగేది కొద్ది నిమిషాలే. ఆ కాసేపు గాలి గట్టిగా వీచిందంటే ఆ సాయంత్రం పని పోయినట్టే.

ఖాళీగా ఉన్న మట్టి పట్టీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అడుగు పడలేదంటే పిట్ట లేదనా, ఆ రాత్రి ఇటు రాలేదనా? ఒక్క ఉదయం చూసి తేల్చలేం. ఎన్నోచోట్ల పట్టీలు వేసి, మళ్లీ మళ్లీ చూసి, ఉన్నది మన కంటపడే అవకాశం ఎంతో ముందు అంచనా వేయాలి. 'లేదు' అనడానికి 'ఉంది' అనడానికంటే ఎక్కువ కష్టపడాలి. ఈ క్రమశిక్షణ పట్ల నాకు చెప్పలేనంత గౌరవం. ప్రపంచం మొత్తమ్మీద దీని సంఖ్యను 50 నుంచి 249 అని రాస్తారు. ఆ రెండు అంకెల మధ్య అంత ఎడం ఉంచడం నిజాయితీ అనే నేననుకుంటాను.

ఇక పొదల సంగతి. అడుగులు పడిన చోట్లనూ పడని చోట్లనూ పక్కపక్కన పెట్టి పొదలు లెక్కేశారు. రెండు మీటర్లు దాటిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా, అంతకంటే చిన్నవి వెయ్యికి లోపు ఉన్నచోట ఆ పిట్ట ఉండే అవకాశం ఎక్కువని తేలింది. ఇది నేలమీద పరిగెత్తుతూ చెదలు, చీమలు ఏరుకు తినే పిట్ట. దానికి పరుగు తీసే ఖాళీ కావాలి, దాక్కునే నీడా కావాలి. పొదలు పలచబడితే వెళ్లిపోతుంది. చిక్కబడినా వెళ్లిపోతుంది.

ఆ మధ్యస్థితిని నిలబెట్టేది ఎవరు? మేకలు, గొర్రెలు, ఎనుములు, వంటచెరకు కొట్టుకొచ్చే ఆడవాళ్లు. వీళ్లు హద్దు మీరితే నేల బోసిపోతుంది. వీళ్లను పూర్తిగా ఆపేస్తే చిన్న పొదలు అల్లుకుపోయి నడకదారి మూసుకుపోతుంది. అడవి అంటే మనిషి కాలు పడని చోటనీ, కంచె వేస్తే చాలనీ చెప్పే మాటలు ఈ నేలమీద నిలవవు. మేత ఎంత ఉండాలన్నది కొలిచి తేల్చుకోవాల్సిన సంగతి. ఏడాదికేడాది మళ్లీ కొలవాల్సిన సంగతి కూడా.

1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఆ పేరు పెట్టినంత మాత్రాన పొదలు నిలవలేదు. 1991, 2000 నాటి ఉపగ్రహ చిత్రాలు పోల్చితే ఆ చుట్టుపక్కల చిట్టడవి తరిగిపోయినట్టు తేలింది. 2005లో తెలుగుగంగ కాలువ పనుల కోసం యంత్రాలు పిట్ట తిరిగే నేలలోనే తవ్వుతుండగా పరిశోధకుల కంటపడింది. వ్యవహారం సుప్రీంకోర్టు నియమించిన కమిటీ దాకా వెళ్లాక కాలువ దారి మళ్లింది. మా సీమలో నీటి విలువ నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాలువ వద్దని నేననను. అయితే ఆ దారి మళ్లడానికి ఆధారమైంది మట్టి పట్టీల మీద పడిన అడుగులే. ఆ లెక్క లేకపోతే కాగితాల్లో అది ఉత్త ముళ్లకంప.

చిట్టడవి కనబడితే చాలు, పాడుబడిన అడవి అనుకుని గుంతలు తీసి మొక్కలు నాటే అలవాటు ఇంకా పోలేదు. నాటేముందు పొదలు లెక్కపెట్టాలని నా కోరిక. ఆ లెక్కకు వెళ్లేవాళ్లలో మేకల కాపర్లు ఉండాలి, కూలి ఇచ్చి మరీ ఉండాలి. ఏ వంకలో మేత ఆగిపోయింది, ఎక్కడ కంప అల్లుకుపోయింది, ఎక్కడ మేక కూడా దూరలేకపోతోంది అన్నది ఉపగ్రహం కంటే ముందు వాళ్లకే తెలుస్తుంది.