అలమేడా కౌంటీలో అమ్మలు

ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలెక్కితే ఎక్కడా మారకుండా నేరుగా డౌన్‌టౌన్ బర్కిలీలో దిగొచ్చు. స్టేషన్ నుంచి కొంచెం నడిస్తే బర్కిలీ వే అనే వీధి వస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రజారోగ్య విభాగం ఇప్పుడు ఆ వీధిలోని ఎనిమిదంతస్తుల భవనంలో ఉంది. 1970లలో ఈ విభాగంలో పీహెచ్‌డీ చేసిన ఒకావిడ పని గురించి తెలుసుకుందామని వెళ్లాను. ఆవిడ పేరు లీసా బెర్క్‌మన్. నలుగురితో కలిసి ఉండడానికీ ఆయుష్షుకీ ఉన్న సంబంధాన్ని లెక్కకట్టి చూపినవాళ్లలో మొదటి వరసలో ఉంటారు. తర్వాత యేల్‌లో, హార్వర్డ్‌లో దశాబ్దాల పాటు వృద్ధాప్యం మీద, గుండె జబ్బుల మీద, ఉద్యోగం చేసే ఆడవాళ్ల ఆరోగ్యం మీద ఆవిడ చేసిన పనంతా ఆ మొదటి లెక్క నుంచి పుట్టిందే.

ఇక్కడే పరిశోధన చేస్తున్న గుంటూరు అమ్మాయి నాకు తోడొచ్చింది. "అప్పట్లో విభాగం ఈ భవనంలో లేదాంటీ, క్యాంపస్‌లో వేరేచోట ఉండేది" అని ముందే చెప్పి, కింద అంతస్తులో ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి సంచిలోంచి కాగితాలు తీసింది. బెర్క్‌మన్, ఆవిడ గురువు లెనార్డ్ సైమ్ కలిసి 1979లో ప్రచురించిన వ్యాసం అది. ఎన్నిసార్లు తిరగేసిందో, మడతల దగ్గర అక్షరాలు చెదిరిపోయాయి.

ఆ వ్యాసానికి ముడిసరుకు ఈ అలమేడా కౌంటీయే ఇచ్చింది. ఓక్లాండ్, బర్కిలీ, ఫ్రీమాంట్, లివర్‌మోర్ అన్నీ దీని కిందికే వస్తాయి. లెస్టర్ బ్రెస్లో అనే వైద్యుడి చొరవతో రాష్ట్ర ఆరోగ్య శాఖ ఇక్కడ ఒక జనాభా ప్రయోగశాల పెట్టింది. 1965లో వాళ్లు ఇంటింటికీ పొడవాటి ప్రశ్నపత్రం ఇచ్చి, 6,928 మంది పెద్దవాళ్ల జవాబులు సేకరించారు. నిద్ర, సిగరెట్, బరువు, మందు గురించిన ప్రశ్నల నడుమ మరికొన్ని కూడా పెట్టారు. మనసు విప్పి మాట్లాడుకోగల స్నేహితులు ఎందరు? దగ్గరివాళ్లనుకునే చుట్టాలు ఎందరు? వాళ్లలో నెలకోసారైనా కలిసేవాళ్లు ఎందరు? గుడికో చర్చికో, సంఘానికో వెళ్తారా? పెళ్లయిందా?

తొమ్మిదేళ్ల తర్వాత వాళ్లలో ఎవరు పోయారో మరణ ధ్రువపత్రాలతో సరిచూశారు. 30 నుంచి 69 ఏళ్ల మధ్య ఉన్న 2,229 మంది మగవాళ్లనీ 2,496 మంది ఆడవాళ్లనీ బెర్క్‌మన్ విడిగా తీసుకుని పరిశీలించారు. బంధాలు బొత్తిగా లేని మగవాళ్లకి, బాగా ఉన్న మగవాళ్లతో పోలిస్తే, ఆ కాలంలో చనిపోయే ముప్పు 2.3 రెట్లు కనిపించింది. ఆడవాళ్లకి 2.8 రెట్లు. పొగ, మద్యం, బరువు, వ్యాయామం, ఆర్థిక స్థితి, మొదట్లో ఉన్న ఆరోగ్యం, అన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా చెరిగిపోలేదు. ఆ అమ్మాయి 2.8 కింద పెన్సిల్‌తో గీత గీసి పెట్టుకుంది. ఎందుకని అడిగితే, "మా నాయనమ్మ" అని ఊరుకుంది. నేనూ రెట్టించలేదు.

సైమ్ దగ్గరే చదివిన మైకేల్ మార్మట్ 1976లో ప్రచురించిన అధ్యయనం గురించి కూడా ఆ బల్ల దగ్గరే మాట్లాడుకున్నాం. ఇదే శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో స్థిరపడ్డ 3,809 మంది జపనీయులను పరిశీలించారు. తమవాళ్ల మధ్యే ఉంటూ పాత కట్టుబాట్లు నిలుపుకున్నవాళ్లకి గుండె జబ్బు జపాన్‌లో ఉన్నంత తక్కువగానే ఉంది. అమెరికా తీరులో పూర్తిగా కలిసిపోయినవాళ్లకి అంతకు మూడు నుంచి ఐదు రెట్లు ఎక్కువ. తిండి, కొలెస్టరాల్, రక్తపోటు లెక్కలు ఆ తేడాను పూర్తిగా వివరించలేకపోయాయి. అమెరికాలో ఉన్న ప్రతి తెలుగు ఇంటికీ ఇది తెలియాలి అనిపించింది నాకు. మన పిల్లలు వచ్చి స్థిరపడింది కూడా సరిగ్గా ఆ నేల మీదే కదా.

సాయంత్రం ఫ్రీమాంట్‌కి తిరిగొచ్చి సెంట్రల్ పార్కులో ఎలిజబెత్ చెరువు దగ్గరకి వెళ్లాను. ఎండ తగ్గే వేళకి అక్కడ మన పెద్దవాళ్లు చాలామంది నడుస్తుంటారు. చీర మీద స్వెటర్ వేసుకుని, కాళ్లకి కోడలి పాత బూట్లు తొడుక్కుని, ఒక చేత్తో మనవడి బండి తోసుకుంటూ వచ్చే అమ్మలు కనిపిస్తారు. ఒక బెంచీ మీద నలుగురు కూర్చుని ఉంటే పక్కన చేరాను. నెలకోసారైనా కలిసే స్నేహితులు ఎందరని ఊరికే మాటల్లో అడిగాను.

తెనాలి వైపు నుంచి వచ్చినావిడ బొటనవేలితో చూపుడువేలి కణుపులు లెక్కపెట్టడం మొదలెట్టి ఆగిపోయింది. "కలవడం అంటే వీడియోలో చూసుకోవడం కూడానా అమ్మాయ్?" అంది. ఎదురుగా కలవడమే అన్నాను. "అట్లాగైతే ఈ బెంచీ మీద వాళ్లే" అని పక్కవాళ్లని చూపించింది. ఊళ్లో ఉన్నప్పుడు సాయంత్రమైతే ఇంటి అరుగు మీద ఎంతమంది చేరేవాళ్లో చెప్పడం మొదలెట్టి, పేర్లు వరుసగా అందుకుంది. నేను ఆపలేదు.

కరీంనగర్ ఆవిడ కాసేపు విని, "యేడికన్న పోదామంటే కొడుకు రావాలె బిడ్డా. నాకు కారు నడపరాదు. ఆళ్లకు తీరిక లేదు. ఇగ గీ పోరడే నాకు దోస్తు" అని బండిలో నిద్రపోతున్న మనవడి తల నిమిరింది. పొద్దున ఏడింటికి కొడుకూ కోడలూ బయల్దేరితే సాయంత్రం ఆరు దాటాకే రావడం. అంతసేపూ పిల్లవాడు ఆవిడ దగ్గరే. మోకాళ్ల నొప్పి గురించి కొడుక్కి చెప్పలేదట. "చెప్తే డాక్టరు ఖర్చు గదా."

ఆవిడ మాట వింటుంటే బెర్క్‌మన్ పాలుపంచుకున్న ఇంకో అధ్యయనం మనసులో మెదిలింది. 2003లో వచ్చింది. అమెరికాలో 54 వేల మందికి పైగా నర్సులను కొన్నేళ్లు గమనించారు. వారానికి తొమ్మిది గంటలు, అంతకు మించి మనవల బాధ్యత చూసినవాళ్లలో గుండె జబ్బు ముప్పు, అలాంటి బాధ్యత లేనివాళ్ల కంటే సుమారు ఒకటిన్నర రెట్లు కనిపించింది. అమెరికన్ నర్సుల లెక్క మన అమ్మలకి ఉన్నదున్నట్టు వర్తించదు. మనవడిని ఎత్తుకోవడంలో ఆవిడకి దొరికే సంతోషం కూడా నిజమే. అయినా వారానికి తొమ్మిది గంటలంటే, ఈ బెంచీ మీది అమ్మలకి ఒక్క రోజులో అయిపోతాయి.

బంధాలు లేకపోతే ముప్పు అని తేలింది కాబట్టి బంధాలు కల్పిస్తే సరిపోతుందా? బెర్క్‌మన్ దాన్నీ పరీక్షకి పెట్టారు. గుండెపోటు వచ్చి కుంగిపోయినవాళ్లు, అండ లేనివాళ్లు మొత్తం 2,481 మందిని తీసుకుని, సగం మందికి నిపుణులతో మానసిక చికిత్స ఇప్పించారు. దిగులు కొంత తగ్గింది, అండ ఉందన్న భావన కొంత పెరిగింది. కానీ మరణాలు గానీ, మళ్లీ గుండెపోటు రావడం గానీ తగ్గలేదు. 2003లో ఆ ఫలితాన్ని ఆవిడే మొదటి రచయితగా ప్రచురించారు. తన జీవితకాలపు నమ్మకానికి ఎదురు నిలిచిన ఫలితాన్ని అలా అచ్చువేయడం పరిశోధకురాలిగా ఆవిడ మీద నాకు గౌరవాన్ని ఇంకా పెంచింది. నాకు అర్థమైంది ఇది: ఏళ్ల తరబడి అల్లుకున్న తోడుని జబ్బు చేశాక కొన్ని నెలల్లో చికిత్సలా ఎక్కించడం కుదరదు. అరవై అయిదో ఏట ఊరు ఖాళీ చేయించి తెచ్చినప్పుడు మనం ఏం తెంచుతున్నామో ఆలోచించాల్సింది కూడా ఇందుకే.

ఆదివారం లివర్‌మోర్ శివవిష్ణు ఆలయానికి వెళ్లాను. అదీ ఈ కౌంటీలోనే ఉంది. దర్శనం అయ్యాక అమ్మలు తొందరగా కదలరు. ప్రసాదం పొట్లాలు ఒళ్లో పెట్టుకుని, ఎవరిది ఏ ఊరో, ఎవరి కోడలు ఎప్పుడు నీళ్లోసుకుందో, మోకాలికి ఏ నూనె పనిచేస్తుందో మాట్లాడుకుంటుంటారు. కొడుకులు మాత్రం కారు తాళాలు చేత్తో ఆడిస్తూ బయట నిలబడి, "అమ్మా, వెళ్దామా?" అని పిలుస్తుంటారు. ఒకావిడ లేవబోయి, పక్కావిడ ఫోన్ నంబరు చీర కొంగున ముడివేసుకున్న చీటీ మీద రాయించుకుంది. నాలుగు మాటల స్నేహం అనుకుంటే పొరపాటు. 1965 నాటి ప్రశ్నపత్రం అడిగింది సరిగ్గా దాన్నే.

మన దేశంలోనూ ఇప్పుడు ఇలాంటి లెక్కలు వస్తున్నాయి. ముంబయిలోని అంతర్జాతీయ జనాభా విజ్ఞాన సంస్థ, హార్వర్డ్, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు కలిసి 2017-18లో 45 ఏళ్లు దాటినవాళ్లూ వాళ్ల జీవిత భాగస్వాములూ కలిపి 72 వేల మందికి పైగా భారతీయులను కలిసి, వాళ్ల ఆరోగ్యంతో పాటు ఎవరితో ఉంటున్నారో, ఎవరిని కలుస్తున్నారో కూడా నమోదు చేశారు.

అమెరికాలో ఉండి అమ్మానాన్నల్ని పిలిపించుకునే పిల్లలకి నా మనవి. ఇన్సూరెన్స్ కొన్నట్టే, బీపీ మాత్రలు ఆర్నెల్లకి సరిపడా కొన్నట్టే, అమ్మ నడిచి వెళ్లగల దూరంలో తెలుగు మాట్లాడేవాళ్లు ఎవరున్నారో ముందే కనుక్కోండి. బస్సెక్కడం, రైలెక్కడం దగ్గరుండి నేర్పండి. మనవడి పని నుంచి వారంలో రెండు పూటలైనా ఆమెకి సెలవివ్వండి. గుడి దగ్గర మాటల్లో పడితే "వెళ్దామా" అని పిలవకుండా, ఇంకో అరగంట కార్లో కూర్చోండి.