యూసుఫ్‌గూడలో పిల్లలు ఆడుకునే వేళ

యూసుఫ్‌గూడ చెక్‌పోస్టు నుంచి కృష్ణానగర్ వైపు దిగే సందుల్లో పిల్లల సందడి సాయంత్రం ఆరు దాటాకే మొదలవుతుంది. నాలుగున్నరకు నేను వెళ్లేసరికి అక్కడ కనిపించింది ఒక ఇస్త్రీ బండి, నీళ్ల క్యాన్లు దించుతున్న ట్రాలీ ఆటో, బడి బట్టలు మార్చకుండానే ట్యూషన్‌కు పోతున్న పిల్లలు. ప్లాస్టిక్ కుర్చీని వికెట్లుగా నిలబెట్టి, టెన్నిస్ బంతి బయటికి తీసేసరికి వీధి దీపం వెలిగింది. స్కూటర్ల కిందికి దొర్లిన బంతి కోసం ఫోన్ లైటు వేసి వెతుకుతున్నవాళ్లలో కళ్లజోళ్లవాళ్లూ ఉన్నారు. ఈ కాలం పిల్లలు ఆటలు మానేశారని అందరం అంటాం. ఈ సందులో నిలబడితే ఆ మాట నిలవదు. వాళ్లు ఆడుతూనే ఉన్నారు, కాకపోతే పొద్దు పోయాక ఆడుతున్నారు. పిల్లల కళ్ల విషయంలో అసలు చిక్కంతా ఆ వేళలోనే ఉందని నా అభిప్రాయం. హ్రస్వదృష్టి (ఇళ్లలో ‘సైట్’ అనేది, దూరపువి మసకగా కనబడడం) మీద గత రెండు దశాబ్దాల్లో వచ్చిన పరిశోధనలు కూడా అటే వేలు చూపిస్తున్నాయి.

ఈ సందులకు బంజారాహిల్స్ రోడ్ నంబర్ 2లోని ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్య సంస్థ ఎంతో దూరం కాదు. సినీ నిర్మాత ఎల్.వి.ప్రసాద్ ఇచ్చిన స్థలంలో, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు ఆధ్వర్యంలో 1987లో మొదలైన ఆసుపత్రి అది. సినిమా పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు కాపురముండే కృష్ణానగర్‌కు పక్కనే సినిమా డబ్బుతో మొలిచిన కంటి ఆసుపత్రి ఉండడం ఈ ప్రాంతానికి దక్కిన అదృష్టం. హ్రస్వదృష్టిపై పరిశోధన, చికిత్స అక్కడ ఒక ప్రత్యేక విభాగంగా నడుస్తున్నాయి. ఇలాంటి విభాగాల్లో తల్లిదండ్రులు ముఖ్యంగా చూడాల్సింది ఒక చిన్న యంత్రాన్ని. పిల్లవాడు గడ్డం ఆనించి లోపలి వెలుగు చుక్కను చూస్తాడు, కంటికి ఏదీ తగలదు, క్షణాల్లో కనుగుడ్డు పొడవు మిల్లీమీటర్లలో తెర మీద పడుతుంది. ఇళ్లలో మనం మాట్లాడుకునేది పవర్ గురించి: ‘మా వాడికి సైట్ వచ్చింది, మైనస్ రెండట, పోయినేడు ఒకటే ఉండేది’ అని. లోపల జరుగుతున్నది మాత్రం కనుగుడ్డు సాగడం. పుట్టినప్పుడు పదహారు, పదిహేడు మిల్లీమీటర్లుండే కన్ను పెద్దయ్యేసరికి ఇరవై నాలుగుకు దగ్గరపడి ఆగాలి. అక్కడ ఆగకుండా ఇంకో మిల్లీమీటరు సాగితే పవర్ సుమారు మైనస్ రెండున్నర దాకా చేరుతుంది. మైనస్ ఆరు దాటిన కళ్లలో సాగి పలచబడిన రెటీనా చిరగడం, ఊడిపోవడం, నడివయసు దాటాక చూపు నట్టనడుమ దెబ్బతినడం వంటి ముప్పులు పెరుగుతాయి. ‘ఇరవై ఏళ్లొచ్చాక లేజర్ చేయిస్తే పోతుందిగా’ అనేవారున్నారు. లేజర్ కంటి ముందు పొరను చెక్కి అద్దాల అవసరం తీరుస్తుంది కానీ, సాగిన కన్నును తిరిగి పొట్టి చేయలేదు. లోపలి ముప్పు లోపలే ఉంటుంది. పవర్‌లో ఒక్క డయాప్టర్ (మైనస్ ఒకటి) మేరకు పెరుగుదలను ఆపగలిగినా ఆ మధ్యచూపు దెబ్బతినే అవకాశం దాదాపు నలభై శాతం తగ్గుతుందని 2019లో వెలువడిన ఒక విశ్లేషణ లెక్కగట్టింది. అందుకే ‘పిల్లలన్నాక అద్దాలు రావా’ అని తేలిగ్గా వదిలేయడానికి వీల్లేదు.

కన్ను సాగడానికి వంశం కొంత కారణమే. అమ్మానాన్నలిద్దరికీ సైట్ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. అయినా సింగపూర్‌లోనూ సిడ్నీలోనూ పెరుగుతున్న చైనా సంతతి పిల్లల్ని పోల్చి 2008లో ప్రచురించిన అధ్యయనం ముందు వంశం వాదన ఒక్కటే నిలబడలేదు. ఆరేడేళ్ల ఈడు పిల్లల్లో సింగపూర్‌లో 29.1 శాతానికి హ్రస్వదృష్టి ఉంటే, సిడ్నీలో ఉన్నది 3.3 శాతానికే. వంశం ఒకటే. పుస్తకాలు చూస్తే సిడ్నీ పిల్లలే వారానికి ఎక్కువ చదువుతున్నారు. తేడా వచ్చింది ఆరుబయట గడిపే సమయంలో: సిడ్నీలో వారానికి పదమూడు గంటల పైచిలుకు, సింగపూర్‌లో మూడు గంటలు. ఒక్క పోలికతో తీర్పు చెప్పకూడదు కాబట్టి చైనాలోని గ్వాంగ్‌జౌలో పన్నెండు ప్రాథమిక పాఠశాలల్లో నేరుగా ప్రయోగమే చేశారు. సగం బడుల్లో రోజూ నలభై నిమిషాలు అదనంగా ఆరుబయట తరగతి పెట్టి, మిగతావాటిని ఎప్పటిలా వదిలేశారు. మూడేళ్ల తర్వాత చూస్తే కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు ఆరుబయట తరగతి పెట్టిన బడుల్లో 30.4 శాతం, మిగతావాటిలో 39.5 శాతం. ఈ ఫలితాలు 2015లో వచ్చాయి. అంతకు ముందే, 2010లో, తైవాన్ బడిపిల్లలు రోజుకు రెండు గంటలు బయట గడపాలని దేశవ్యాప్త కార్యక్రమం మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి ఎక్కుతూ వచ్చిన అక్కడి పిల్లల దృష్టిలోపాల గీత ఆ తర్వాతే కిందికి తిరిగింది. మంచి వెలుతురులో రెటీనా డోపమైన్ అనే రసాయనాన్ని ఎక్కువగా విడుదల చేస్తుందని, అది కన్ను సాగుదలకు కళ్లెం వేస్తుందని జంతువులపై చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి.

మరి ఫోన్ సంగతేమిటని అడుగుతారు. కంటికి ఆనించి గంటల తరబడి చూసే ఏ పనీ మంచిది కాదు, చిన్నపిల్లలకు ఫోన్ తగ్గించాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. అయితే తైవాన్, సింగపూర్‌లలో పిల్లల కళ్లు పాడవడం స్మార్ట్‌ఫోన్ రాకముందే మొదలైంది. నింద మొత్తం ఫోన్ మీదికి నెట్టేస్తే జరిగేది ఒకటే, ఫోన్ లాక్కుని పిల్లవాణ్ని అదే గదిలో, అదే ట్యూబ్‌లైటు కింద హోంవర్కు ముందు కూర్చోబెడతాం. కంటికి వచ్చిన మేలు అంతంతమాత్రం. పైగా తప్పు ఇంట్లో అమ్మ క్రమశిక్షణదైపోతుంది, బడి టైంటేబుల్‌దీ బస్తీలో లేని మైదానానిదీ కాకుండా పోతుంది. ఆ పక్షపాతం నాకు మరీ కష్టంగా తోస్తుంది.

వెలుతురు అన్నది ఎక్కడ ఎంత ఉంటుందో కొలవగలిగిన వస్తువు. తరగతి గదిలో అది కొన్ని వందల లక్స్. బయట ఎండలో వేలు, పదుల వేలు. వీధి దీపం కింద పదుల్లోనే. ఎల్.వి.ప్రసాద్ సంస్థ పరిశోధకులు హైదరాబాద్‌లోనే తెరపి మైదానంలో, పెద్ద చెట్టు కింద, భవనాల నడుమ, వసారాల్లో కొలిచి 2021లో ప్రచురించారు. బయట అన్నంత మాత్రాన అన్ని చోట్లా వెలుతురు ఒకటి కాదని, తెరపి మైదానానిదే పైచేయి అని ఆ కొలతలు చూపాయి. ఆ సంగతి తెలిశాక యూసుఫ్‌గూడ మరో రకంగా కనబడుతుంది. రెండు చేతులు చాస్తే ఇరువైపులా గోడలు తగిలే సందులో, అయిదంతస్తుల నడుమ, ఆకాశం ఒక పట్టీలా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం కూడా కింది వాటాల్లో లైట్లు వెలుగుతున్నాయి. కోట్ల విజయభాస్కరరెడ్డి ఇండోర్ స్టేడియం ఈ ప్రాంతానికి గర్వకారణం. అక్కడ షటిల్ నేర్చుకునే పిల్లల ఒంటికి ఎంతో మేలు. కానీ పైకప్పు కింద ఆడిన ఆట హ్రస్వదృష్టి నుంచి కాపాడదని సిడ్నీ అధ్యయనాల్లో తేలింది. కంటిని కాపాడేది పరుగు కాదు, పగలు. కృష్ణకాంత్ పార్కులో చెట్లున్నాయి, తెరపి ఉంది. పొద్దున్న ఆ నడకదారి నిండా పెద్దవాళ్లే, ఆ వేళకు పిల్లలు బడి ఆటోల్లో ఉంటారు. ఇక పోలీసు బెటాలియన్ మైదానం సినిమా వేడుకల పుణ్యమా అని రాష్ట్రమంతటికీ తెలుసు. అంత ఆకాశం ఉన్న నేల చుట్టుపక్కల మరొకటి నాకు కనిపించలేదు. అది గోడ వెనక ఉంది. భద్రత కారణాలు నేను కాదనను. అయినా వారానికి కొన్ని పొద్దుపూటలు దగ్గరి సర్కారు బడులకు దాన్ని కేటాయించడం అసాధ్యమైన కోరిక కాదు.

‘ఎండలో తిరగనిస్తే నల్లబడతారు, వడదెబ్బ తగులుతుంది’ అన్న అభ్యంతరంలో రెండో సగం గట్టిది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ మిట్టమధ్యాహ్నపు ఎండకు ఎవరూ పిల్లల్ని పంపనక్కర్లేదు. కంటికి కావలసింది వేడి కాదు కనుక పంపాల్సిన పనీ లేదు. టోపీ పెట్టుకున్నా, వేపచెట్టు నీడలో ఉన్నా వెయ్యి లక్స్‌కు పైనే అందుతుంది. పొద్దున ఎనిమిది తొమ్మిది గంటల లేత ఎండ గది లోపలి వెలుతురుకు ఎన్నో రెట్లు. మార్చి నడుమ నుంచి ఒంటిపూట బడులు పెడతాం. బడి ఎనిమిదింటికే మొదలవుతుంది గనుక మొదటి పీరియడ్‌ను ఆరుబయట చెట్టు కింద పెట్టడానికి అంతకంటే అనువైన రోజులుండవు. ఇప్పుడు ఆ రోజుల్లో జరుగుతున్నది దానికి తలకిందులు: మధ్యాహ్నం ఇల్లు చేరిన పిల్లలు తలుపులు మూసిన గదిలో పొద్దు వాలేదాకా ఉంటున్నారు.

మన దగ్గర అంత తీవ్రత లేదుగా అనేవారూ ఉన్నారు. నిజమే, తూర్పు ఆసియా నగరాల్లో పెద్ద చదువులకు వెళ్లేసరికి నూటికి ఎనభై తొంభై మందికి సైట్ ఉంటోంది. మనం అక్కడ లేం. 2002లో వెలువడిన అధ్యయనాల్లో మహబూబ్‌నగర్ పల్లెల్లో ఏడు నుంచి పదిహేనేళ్ల పిల్లల్లో 4.1 శాతానికి, ఢిల్లీ నగర పిల్లల్లో 7.4 శాతానికి హ్రస్వదృష్టి ఉంది. 2015లో ప్రచురించిన మరో అధ్యయనం నాటికి ఢిల్లీ బడిపిల్లల్లో అది 13.1 శాతం. ఆ మెట్లు ఎటు పోతున్నాయో చూడ్డానికి పెద్ద గణితం అక్కర్లేదు. తెలంగాణలో 2018లో వచ్చిన కంటి వెలుగు, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో బడిపిల్లలతో మొదలైన కార్యక్రమం లక్షల మందికి పరీక్షలు చేసి కళ్లజోళ్లిచ్చాయి. బోర్డు కనబడని పిల్లకు అద్దం అందడం చిన్న విషయం కాదు. అయితే అవి సైట్ వచ్చాక చేసే పనులు, రాకుండా చేసే పని ఇంకా ఎవరి పద్దులోనూ లేదు.

వచ్చేసినవాళ్ల మాటేమిటన్న ప్రశ్నకు జవాబు నిజాయితీగా చెప్పాలి. ఆరుబయటి వెలుతురు హ్రస్వదృష్టి మొదలవకుండా ఆపడంలో చూపినంత బలం, మొదలైనదాన్ని నెమ్మదింపజేయడంలో చూపలేదు. అలాంటి పిల్లలకు వైద్యం కావాలి. మొట్టమొదట పూర్తి పవర్ ఉన్న అద్దాలు. ‘తక్కువ పవర్ ఇస్తే కన్ను అలవాటు పడదు’ అన్న నమ్మకం ఎంత పాతదైనా తప్పు. 2002లో మలేసియాలో పిల్లల్ని రెండు జట్లు చేసి చూస్తే, తక్కువ పవర్ అద్దాలు పెట్టుకున్నవారికే సైట్ వేగంగా పెరిగింది. అట్రోపిన్ చుక్కల మందులో హాంకాంగ్ ప్రయోగం 0.05 శాతం మోతాదు బాగా పనిచేస్తుందని 2019లో చూపింది. మరీ పలచని 0.01 శాతం మందుకు అమెరికాలో 2023లో వచ్చిన ఫలితాల్లో ఉత్త చుక్కలకు మించిన గుణం కనబడలేదు. కాబట్టి ఏ మోతాదు, ఎన్నాళ్లు అన్నది డాక్టరు తేల్చాలి, మందుల షాపు కాదు. నడుమ మామూలుగా, చుట్టూ వందలాది సూక్ష్మ కటకాలతో తయారుచేసిన కళ్లద్దాలు హాంకాంగ్‌లో రెండేళ్ల పరీక్షలో పెరుగుదలను సగానికి తగ్గించాయి. వాటి ధర మామూలు జోడుకు ఎన్నో రెట్లు. జూనియర్ ఆర్టిస్టు ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే అది నెల బడ్జెట్‌ను తలకిందులు చేస్తుంది. సైట్ ఎంత చిన్న వయసులో వస్తే అంత పైకి పోతుంది కనుక, రాకను రెండు మూడేళ్లు వాయిదా వేసే వెలుతురే ఆ ఇంటికి అందుబాటులో ఉన్న వైద్యం.

మైదానం లేదు కదా అని ఇక్కడే చర్చ ఆపేస్తారు. నేను తలెత్తి చూస్తే ప్రతి ఇంటికీ మేడ ఉంది. నీళ్ల ట్యాంకులు, ఆరేసిన దుప్పట్లు, పైన అడ్డులేని ఆకాశం. తెరపి మైదానంలో పడే వెలుతురు అక్కడా పడుతుంది. మేడ తలుపుకు తాళం, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర. పిట్టగోడ మోకాలి ఎత్తున ఉంటే పిల్లలు పడతారన్న భయం న్యాయమైనదే, దానికి చుట్టూ వల కట్టాలి, ఒక పెద్ద మనిషి వంతు వేసుకుని కూర్చోవాలి. గ్వాంగ్‌జౌ బడులు ఇచ్చిన నలభై నిమిషాలకు అది చాలు. ట్యూషన్ చెప్పేవాళ్లు తమ తరగతిని అయిదింటి నుంచి ఆరుకు జరిపితే, నవంబరులో ఆరుకు ముందే పొద్దు గుంకే రోజుల్లో కూడా పిల్లలకు ఆ వెలుతురు దక్కుతుంది.