ఇరానీ హోటల్లో ఒక బల్ల

నేటి విద్యార్థులకు “వాతావరణం” అన్న మాట హోటళ్ల ప్రకటనల ద్వారానే పరిచయమైనట్లు తోస్తున్నది. మసక దీపాలు, మెత్తని ఆసనాలు, సన్నని సంగీతం - ఇవన్నీ సొమ్ము పెట్టి కొనదగిన సరుకులు. హైదరాబాదు నగర మధ్యంలోని పాత ఇరానీ హోటళ్లలో ఇవేవీ కానరావు. పాలరాతి బల్లలు, చెక్క కుర్చీలు, గోడలకు అద్దాలు, ద్వారం ప్రక్కనే గల్లాపెట్టె, బయట వాహనాల రొద. అయినను అక్కడ కూర్చున్నవానికి లేవబుద్ధి పుట్టదు.

ఇరాను దేశపు యజ్ద్ మొదలైన సీమల నుండి బయలుదేరినవారు తొలుత బొంబాయి, పూనాలు చేరి, అటుపై నిజాం రాజధానికి వచ్చి ఈ హోటళ్లు నెలకొల్పారు. ఆబిడ్స్‌లోని గ్రాండ్ హోటల్ 1935 నాటిది. చాయ్ పేరు ఇరానీదే గాని, ఇరానులో త్రాగేది పాలు కలపని తేనీరు. మూత బిగించి దమ్ మీద ఊరబెట్టిన డికాషన్‌లో చిక్కగా మరిగిన పాలు పోయడం ఈ గడ్డ మీది రుచి. దానికి తోడు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మోస్తున్న ఉస్మానియా బిస్కెట్టు. ఉర్దూ శాఖ మిత్రులు దీనిని గంగా-జమునీ తహజీబ్‌కు గుర్తుగా వర్ణిస్తారు. తెలుగు శాఖవారం గనుక మేము ఉప్పూ తీపీ కలిసినదని చెప్పి ఊరుకుంటాము.

ఆబిడ్స్‌లోనే వెలసిన ఓరియంట్ హోటల్ నేడు లేదు. సిటీ కళాశాలలో అధ్యాపకత్వం వదలి ఉద్యమంలోకి నడిచిన ఉర్దూ మహాకవి మఖ్దూం మొహియుద్దీన్ (1908-1969) అక్కడ మిత్రగోష్ఠి జరిపేవాడు. ఒక్క చాయ్‌తో గంటల తరబడి కూర్చునే హక్కే ఆ గోష్ఠులకు ఆధారం.

మాకు పదేళ్ల ప్రాయంలో నాన్నగారు మమ్ము తొలిసారి నగరానికి తీసుకొనిపోయారు. వెంట ఆయనతో బేల్దారి పని చేసే మాదిగ మిత్రుడు వచ్చాడు. మేము ఆయనను మామా అని పిలిచేవారము. కర్నూలు జిల్లాలోని మా ఊరి టీ అంగడిలో ఆయన గ్లాసు చూరులో దోపి ఉండేది. త్రాగి, తానే కడిగి, మరల అక్కడే పెట్టవలసినది. మా నాన్నగారికి మాత్రం అందరి గ్లాసులోనే పోసేవారు.

ఇరానీ హోటల్లో కుర్రవాడు నాలుగు కప్పులు ఒక్క చేత పట్టుకొనివచ్చి, సాసర్లలో కొంత ఒలకబోస్తూ, ముఖమైనా చూడక బల్లపై పెట్టిపోయాడు. మామ చాయ్ ముగించి, కప్పు చేత పట్టుకొని మెల్లగా అడిగాడు: “అన్నా, ఇది కడిగి యాడ పెట్టాల?”

“ఆడనే ఇడ్సిపెట్టు,” అన్నారు నాన్నగారు.

మామ మరొక చాయ్ తెప్పించాడు. దానికి పైకం తానే చెల్లించాడు.

ఇరానీ యజమాని సంఘసంస్కర్త కాడు, వ్యాపారి. కప్పులన్నీ ఒకే తొట్టిలో పడేవి. ఎవరిది ఏదో విడదీసే తీరిక అక్కడ ఎవరికీ లేదు. అంతమాత్రమే. ఆ అంతమాత్రం మా ఊరికి రావడానికి ఎన్నో ఏళ్లు పట్టింది.

ఐతే ఆ బల్ల అందరిదీ అనడం సత్యదూరం. ఆనాడు మా అమ్మగారు బస్టాండులో సామాను కాచుకొని కూర్చున్నారు. ఆమెకు చాయ్ ఫ్లాస్కులో వెళ్లింది. స్త్రీలకు ఉంటే తెరచాటు “ఫ్యామిలీ” గది, లేదంటే అదీ లేదు. పాత హోటళ్లను తలచి నిట్టూర్చే పెద్దలు ఈ సంగతి ఎత్తరు.

నేలకు ధరలు పెరిగాయి. వారసులు వేరే వృత్తులలోకి వెళ్లారు. మిగిలినచోట్ల కూడా కుర్చీలు తొలగించి, నిలుచుండి త్రాగే పద్ధతి పెట్టుచున్నారు. నిలుచున్నవాడు వాదించడు, పద్యం వినిపించడు, త్రాగి పోతాడు.

కడచిన ఏడు మా తెలుగు, ఉర్దూ విద్యార్థులను కుర్చీలు మిగిలిన ఒక పాత హోటలుకు తోడ్కొనిపోయాము. వెయిటరు మా విద్యార్థినులకు లోపలి గది చూపించాడు. వారిలో ఒకామె, “యహీంచ్ బైఠ్‌తే,” అని గల్లాపెట్టె ఎదుటి బల్ల దగ్గర కుర్చీ లాగుకొని కూర్చున్నది. అతడు ఒక క్షణం మా వంక చూచి, బల్ల తుడిచి, ఎన్ని చాయ్‌లని అడిగాడు.