ట్రాలీలో దీపం



మిర్చి ఏరడానికి భూపాలపల్లి వైపు వెళ్లిన మన మహబూబాబాద్ కుటుంబాలను చూడటానికి వెళ్లాము. ట్రాక్టర్ ట్రాలీ మీద పట్టా కప్పుకొని అందులోనే పడుకుంటున్నారు. రాత్రి ప్రార్థన అయ్యాక చీకట్లో దిగబోయి ఒక అవ్వ పడింది. మోకాలు కొట్టుకుపోయింది.

మరుసటి వారం జనగామ బజారులో మీటరు ఎల్‌ఈడీ పట్టీ, స్విచ్చు, ఫ్యూజు కొన్నాము. మందు కొట్టే చార్జింగ్ పంపు బ్యాటరీకి కలిపాము. 12 వోల్టుల, 8 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే 96 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది. సగమే వాడినా 4 వాట్ల పట్టీ 12 గంటలు వెలగాలి.

కానీ ఆ రాత్రి గంటకే ఆరిపోయింది. తప్పు మాదే. బ్యాటరీకి చార్జింగ్ పెట్టనే లేదు.

పదిమంది కన్యకల ఉపమానం మీద ఎన్నిసార్లు ప్రసంగించామో! దివిటీలు పదిమందికీ ఉన్నాయి. తేడా అంతా సిద్దెలోని నూనె దగ్గరే. చెప్పిన మాటే మేము చేయలేదు. ఆ రాత్రి అవ్వ చెయ్యి పట్టుకొని కిందికి దింపాము.

ఇప్పుడు పొద్దున్నే బోరు మోటారు దగ్గర బ్యాటరీ చార్జింగ్ పెట్టేది ఆ అవ్వే. ప్రియులారా, చీకటి పడకముందే మనం నింపుకొందాము.